మిగిలిన చనుబాలు వేరే బిడ్డకి ఇవ్వొచ్చా?

బరంపురం నుంచి ఒక బాలింత రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. పుట్టిల్లు ఇచ్ఛాపురం, మెట్టినిల్లు బరంపురం. పెళ్లై ఆరేళ్లు. పెద్దవాడు బడికి వెళ్తున్నాడు, చిన్నది నాలుగు నెలల పాప. పెద్దవాడికి పాలు చాలక రెండో నెలకే డబ్బాపాలు పట్టాల్సి వచ్చిందట. ఆ బెంగ మనసులో ఉండిపోయి, ఈసారి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొద్ది రోజులకే పంపు కొనుక్కున్నారు. పాప తాగిన ప్రతిసారీ, ఆ తరవాత రెండు వైపులా చుక్క మిగలకుండా పిండేస్తున్నారు. రాత్రి అలారం పెట్టుకుని మరీ లేస్తున్నారు. ఇప్పుడు పాలు ఎంతగా పడుతున్నాయంటే పూట ఆలస్యమైతే రవికె తడిసిపోతోంది, చంకదాకా గడ్డలు కట్టి ఒళ్లు వెచ్చబడుతోంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని మంచు అరలో చేపల ప్యాకెట్ పక్కన చిన్న చిన్న సీసాలు, ఒక్కోదాని మీద మార్కర్‌తో రాసిన తేదీ. "అర నిండిపోయింది, పారబొయ్యడానికి చెయ్యి రావడం లేదు" అంటున్నారు.

ఆ చెయ్యి రాకపోవడానికి ఒక కారణం ఉంది. కాన్పైనప్పుడు వార్డులో పక్క మంచం మీద ఎనిమిదో నెలలోనే ప్రసవించిన పిల్ల ఉండేదట. బిడ్డ లోపల నవజాత శిశువుల వార్డులో గాజుపెట్టెలో. ఆ తల్లికి పాలు పడలేదు. "నేను స్టీలు గిన్నెలోకి పిండి సింకులో ఒంపేస్తుంటే ఆ పిల్ల నా చేతిలోని గిన్నె వంకే చూసింది. అడగలేదు. నాకూ ఇవ్వొచ్చని తెలీలేదు. ఇప్పటికీ ఆ చూపు గుర్తొస్తుంది."

పై వాటాలో ఒడియా దంపతులు అద్దెకుంటున్నారు. వాళ్ల బాబుకి నెలన్నర. పాలు చాలడం లేదని ఆ అమ్మాయి ఏడుపు. "అపా (అక్కా), నీకు మిగులుతున్నాయి కదా" అని అడిగితే ఈవిడ కాదనలేక, ఇంట్లో చెప్పకుండా కొన్ని సీసాలు ఇచ్చారు. అత్తగారు చూశారు. "కన్నబిడ్డ నోటిది తీసి ఊరికి పంచుతావా? ముక్కూ మొహం తెలీని వాళ్లకి పాల ఋణం పెడతావా? పిల్లకి దిష్టి తగులుతుంది, నీ పాలూ ఇగిరిపోతాయి" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. భర్త "మీ ఆడవాళ్ల గొడవలోకి నన్ను లాగొద్దు" అని తప్పుకున్నారు. ఇది చాలదన్నట్టు, ఫోన్‌లో తల్లుల గ్రూపులో ఎవరో పరిచయం లేని మనిషి చనుబాలు కొంటాను, డబ్బు పంపుతాను అని మెసేజ్ పెట్టారు.

ఆవిడ అడిగినవి: నా పాలు ఇవ్వడం తప్పా? ఇస్తే నా పాపకి తక్కువవుతాయా? పైవాళ్ల బాబుకి ఇచ్చి హాని చేశానా? పాల బ్యాంకు అంటారు, అది మాలాంటి వాళ్లకి అందుతుందా? ఇంట్లో ఈ రగడ ఎలా తీరుతుంది?

*

అమ్మా, ముందు తప్పు సంగతి. మీరు చేసింది తప్పు కాదు. ఆకలితో ఏడుస్తున్న బిడ్డని చూసి చేపు రావడం బాలింత ఒంటి గుణం. తొందరపాటు మాత్రం ఉంది, అదెక్కడో కింద చెబుతాను. మీ ఉత్తరంలో మూడు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. మీ ఒంట్లో పాలు ఎక్కువవడం ఒకటి, ఇవ్వాలన్న మీ కోరిక ఒకటి, ఇంట్లో గొడవ ఒకటి. మూడింటినీ కలిపి చూడటం వల్ల మీకు ఊపిరాడటం లేదు. నాకైతే మొదట మీ ఒంటి సంగతే ముఖ్యం. మీరు దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశారు గానీ అసలు ముడి అక్కడే ఉంది.

రొమ్ము ఎంత ఖాళీ అయితే ఒళ్లు అంత తయారుచేస్తుంది. పాలు నిండి నిలవుంటే తయారీ తగ్గించమని ఆ నిలవే ఒంటికి సంకేతమిస్తుంది. పాప తాగాక కూడా మీరు పంపుతో చుక్క మిగలకుండా పిండుతున్నారు. మీ ఒంటికి అందుతున్న కబురు ఏమిటి? ఇంట్లో ఇద్దరు బిడ్డలున్నారని. అందుకే ఇద్దరికి సరిపడా ఇస్తోంది. మీకు దేవుడు ఎక్కువిచ్చాడనో, పెద్దవాడప్పుడు తక్కువిచ్చాడనో అనుకోవద్దు. పెద్దవాడప్పుడు డబ్బాపాలు మొదలుపెట్టాక రొమ్ము ఖాళీ అవడం తగ్గి, పాలు ఇంకా తగ్గి ఉంటాయి. చాలామంది తల్లుల విషయంలో జరిగేది అదే. ఆ భయం ఇప్పుడు మీచేత రాత్రిళ్లు అలారం పెట్టిస్తోంది.

పాపకి చాలుతున్నాయో లేదో చెప్పేది ఫ్రిజ్‌లో సీసాల లెక్క కాదు. రోజుకి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తోందా, అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడు కార్డులో గీత పైకి వెళ్తోందా, ఈ రెండూ చూడండి. అవి బాగుంటే మీ పాపకి కడుపు నిండుతున్నట్టే. పాలు మరీ ధారగా వచ్చి పాప తాగుతూ పొలమారుతోందా, ఆకుపచ్చగా నురగలా విరోచనం అవుతోందా, అది కూడా గమనించండి. పాలు అతిగా ఉన్న తల్లుల బిడ్డల్లో ఇది కనిపిస్తుంది.

ఒళ్లు వెచ్చబడుతోందన్నారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. గడ్డ ఉన్నచోట ఎర్రబడి, ముట్టుకుంటే మండి, చలితో జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించుకోవాలి. పాపకి పాలివ్వడం మాత్రం ఆపకూడదు. పంపు కూడా ఒక్కరోజులో మానెయ్యకండి, గడ్డలు ఇంకా బిగుస్తాయి. మొదట రాత్రి అలారం తీసెయ్యండి. పాప లేస్తే సరే, పంపు కోసం లేవొద్దు. పగలు బరువు దిగి హాయిగా అనిపించేంతవరకే చేత్తో పిండి ఆపండి, ఖాళీ చెయ్యకండి. పాలిచ్చాక చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ఇలా రెండు మూడు వారాలు నెమ్మదిగా చేస్తే పాలు పాప అవసరానికి దిగుతాయి. చాలామందికి అప్పుడు దానం చెయ్యడానికి మిగలవు కూడా. అందుకే ముందే అడుగుతున్నాను: మీరు ఈ మిగులు కొనసాగించాలనుకుంటున్నారా, తగ్గించుకోవాలనుకుంటున్నారా? తగ్గించుకుంటే అది స్వార్థం కాదు. నిద్ర లేని నాలుగు నెలల బాలింత, బడికెళ్లే పిల్లవాడున్న తల్లి, "నా బిడ్డకి చాలు, ఇక నేను పడుకుంటాను" అనుకుంటే ఎవరూ వేలెత్తి చూపాల్సిన పని లేదు.

ఇవ్వాలనే మీ మనసు లాగుతుంటే, మీ పాపకి తక్కువవుతాయన్న భయం అక్కర్లేదు. ఒక షరతు: ముందు పాప తాగాలి, తరవాత మిగిలింది ఇవ్వాలి. ఈ వయసు బిడ్డ రోజుకి సుమారు 750 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. దానికి పైన మీ ఒళ్లు చేస్తున్నదే మిగులు. కానీ ఆ మిగులు మీ ఒంట్లోంచే వస్తోంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు తిండి మీద రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అది ఒక్క బిడ్డకి పాలిచ్చే తల్లి లెక్క. ప్రతి 100 మిల్లీలీటర్ల చనుబాలకీ మీ ఒంట్లోంచి 65, 70 కేలరీలు పోతాయి. మీరు ఉత్తరంలో ఓ మూల రాశారు, ఇంకా పథ్యం నడుస్తోందని, పప్పు గ్యాస్ అని, పెరుగు జలుబని, గుడ్డు వేడని మానేశారని. నాలుగో నెలలో ఆ పథ్యం మీద ఉండి ఇద్దరు బిడ్డలకి సరిపడా పాలు పిండితే మీ ఎముకలు, మీ రక్తం కరుగుతాయి. దానం గురించి ఆలోచించే ముందు పప్పు, పెరుగు, గుడ్డు, చేప కంచంలోకి రావాలి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి పెద్దవాడికి పెట్టేస్తున్నారేమో, అది మీ కోసం ఇచ్చేది. ఐరన్ మాత్రలు కాన్పు తరవాత 180 రోజులు వేసుకోవాలి, మధ్యలో మానకండి. హిమోగ్లోబిన్ ఓసారి చూపించుకుని, తక్కువుంటే ఇప్పుడు దానం మాట వద్దు.

ఇక పాల బ్యాంకు. వార్డులో మీ పక్క మంచం పిల్ల చూసిన చూపుకి జవాబు ఈ ఏర్పాటే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల పేగులు చాలా లేత. డబ్బాపాలు పట్టిన బిడ్డల్లో పేగు పాడైపోయే ఒక ప్రాణాంతకమైన జబ్బు ఎక్కువగా వస్తుంది, చనుబాలు తాగిన వాళ్లలో తక్కువ. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి మొదట సొంత తల్లి పాలు, అవి దొరక్కపోతే దాతల పాలు, అవీ లేకపోతేనే డబ్బాపాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వరస అందుకే. కిలో బరువున్న బిడ్డకి తొలి రోజుల్లో ఒక్కో విడతకి గొట్టంలోంచి పట్టేది రెండు మూడు మిల్లీలీటర్లే. మీరు సింకులో ఒంపిన గిన్నెడు పాలు అలాంటి బిడ్డకి రోజు గడిపేసేవి. మీ మనసు గుచ్చుకోవాలని ఈ మాట అనడం లేదు. మీకా రోజు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది ఆస్పత్రివాళ్లు.

మన దేశంలో మొదటి పాల బ్యాంకు 1989లో ముంబైలోని సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో మొదలైంది. మన తెలుగువాళ్లకి తెలిసినది హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలోని ధాత్రి. అక్కడ జరిగే పని ఇదీ. దాతగా వచ్చిన తల్లిని ముందు కొన్ని ప్రశ్నలడుగుతారు: ఏ మందులు వాడుతున్నారు, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నారా, పొగాకు అలవాటుందా అని. పొగాకంటే బీడీ, సిగరెట్టే కాదు, జర్దా కిళ్లీ, పళ్లు తోమే గుడాఖు కూడా. మీ వైపు ఆడవాళ్లలో గుడాఖు మామూలు కాబట్టి చెబుతున్నాను. తరవాత హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ రక్తపరీక్షలు. దాతల పాలని 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ వేడికి క్రిములు, వైరస్‌లు చస్తాయి, బిడ్డని కాపాడే గుణాలు చాలావరకు మిగులుతాయి. క్రిముల పరీక్షలో నెగ్గిన పాలనే గడ్డకట్టించి దాస్తారు, నెగ్గనివి పారేస్తారు. ఇంట్లో గ్యాస్ స్టవ్ మీద మరగబెట్టడం దీనికి సాటి రాదు. మరీ కాగితే గుణం పోతుంది, చాలకపోతే క్రిమి మిగులుతుంది.

మీకు అందుతుందా అన్నారు. దీనికి సరైన జవాబు చెప్పగలిగేది నవజాత శిశువుల వార్డులో, అంటే ఎస్‌ఎన్‌సీయూలో పనిచేసే సిస్టరు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది కాబట్టి మీరు దూరం పోనక్కర్లేదు, అక్కడ అడగండి. అయితే అడిగే తీరు ముఖ్యం. 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో పాలు సేకరించే కేంద్రాలు రెండు రకాలున్నాయి. ఒక రకంలో దాతల పాలు తీసుకుని శుద్ధిచేసి ఏ బిడ్డకి అవసరమైతే ఆ బిడ్డకి ఇస్తారు. చిన్న రకంలో వార్డులో ఉన్న తల్లి పాలు పిండించి, దాచి, ఆవిడ సొంత బిడ్డకే పడతారు. "పాల బ్యాంకు ఉందా" అని మాత్రమే అడిగితే ఉందనో లేదనో ఒక్క ముక్క చెప్పి పంపేస్తారు. "బయటి తల్లుల పాలు తీసుకుంటారా? రక్తపరీక్ష మీరే చేయిస్తారా? ఇంటి దగ్గర పిండి తెచ్చినవి ఒప్పుకుంటారా, ఇక్కడికొచ్చి పిండాలా?" అని విడివిడిగా అడగండి.

ఒకవేళ భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్లమన్నారనుకోండి. భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, విశాఖ ఇంకా దూరం. చంటిపిల్లని చంకనేసుకుని ఆ ప్రయాణం చెయ్యమని నేను చెప్పను. మంచులో పెట్టిన పాలు దారిలో కరిగితే పనికి రావు కూడా. దగ్గరలో లేకపోతే మీ కోరిక అక్కడికి వదిలెయ్యండి. ఏ పని మీదో ఆ ఊళ్లకి వెళ్లినప్పుడు వీలుంటే సరే.

పై వాటా బాబు సంగతి వేరు. ఇచ్చినంత మాత్రాన హాని జరిగిపోయిందని కుమిలిపోకండి. మీరు గర్భంతో ఉన్నప్పుడు చేసిన హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షల ఫలితాలు మీ కార్డులో ఉంటాయి. అవి బాగుంటే ప్రమాదం చాలా తక్కువ. తొందరపాటన్నాను కదా, అది ఇక్కడే. ఆ కార్డు వాళ్లకి చూపించలేదు, ఆ బాబు నాన్నకి తెలుసో లేదో మీకే తెలీదు, సీసాలేమో చేపల పక్కన ఉన్నవి, మధ్యలో కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టాయేమో కూడా చెప్పలేరు. రేపు ఆ బాబుకి మామూలు విరోచనాలు పట్టినా నింద మీ సీసా మీదికే వస్తుంది. మంచి చేసి మాట పడతారు.

నేరుగా ఇవ్వడం కొనసాగించాలనుకుంటే ఆ బాబు అమ్మానాన్నలిద్దరికీ, మీ ఇంట్లోనూ తెలిసి జరగాలి. కార్డులోని పరీక్షలు పాతబడ్డాయి కాబట్టి మళ్లీ చేయించుకోవాలి. పిల్లల డాక్టరుకి చెప్పి ఆయన సరేనన్నాకే ఇవ్వాలి. చేతులు కడుక్కుని, మరగబెట్టిన గిన్నెలోకి పిండి, అప్పటికప్పుడు గిన్నె, చెంచాతో పట్టించాలి. బరంపురం వేడికి, పిండిన పాలు నాలుగు గంటలకి మించి బయట ఉంచొద్దు, మే నెలలో అయితే అంతసేపు కూడా వద్దు. ఇంత చేసినా పాల బ్యాంకులో ఉన్న రక్షణ దీనికి రాదని ఇద్దరికీ తెలిసుండాలి. బాబు నెలలు నిండక పుట్టినవాడో, బరువు తక్కువవాడో అయితే నేరుగా ఇవ్వడం నాకిష్టం లేదు.

ఇంకో మాట. ఆ అమ్మాయికి నిజంగా పాలు లేవా? బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు "పాలు చాలట్లేదు" అంటారు, వినీవినీ తల్లే నమ్మేస్తుంది. మీకే జరిగింది కదా, పెద్దవాడప్పుడు. నెలన్నరకి బిడ్డలు ఎదుగుదల ఊపులో ఉంటారు, గంటకోసారి తాగుతారు, సాయంత్రాలు ఊరికే ఏడుస్తారు. మీ సీసా ఒకటి ఆ బాబు కడుపులో పడితే ఆ పూట తల్లి రొమ్ము ఖాళీ అవ్వదు, మర్నాటికి ఆమె పాలు కాస్త తగ్గుతాయి. మీరు మంచి మనసుతో ఇచ్చిన సీసాయే ఆ అమ్మాయికి డబ్బాపాలు చేసే పని చేస్తుంది. బాబు తూకం చూపించండి. నోరు రొమ్ముకి సరిగ్గా పట్టుకుంటున్నాడా, ముచ్చిక ఒక్కటే చప్పరిస్తున్నాడా అన్నది ఎవరైనా తెలిసినవాళ్లు పక్కన కూర్చుని చూడాలి. చాలాసార్లు బిడ్డని పట్టుకునే తీరు మారిస్తే పాలు పెరుగుతాయి. తూకం నిజంగానే పెరగకపోతే అది డాక్టరు చూడాల్సిన సంగతి, మీ ఫ్రిజ్ తీర్చేది కాదు.

డబ్బు పంపుతానన్న మనిషికి జవాబివ్వకండి, ఆ నంబరు ఆపెయ్యండి. చనుబాలు అమ్మడానికి, కొనడానికి మన దేశంలో చట్టం ఒప్పుకోదు. 2024 మే నెలలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ మాట గట్టిగా చెప్పింది: చనుబాల వ్యాపారం కుదరదు, దానం ఉచితంగానే జరగాలి, ఆ పాలు ఆస్పత్రుల్లోని బిడ్డలకి ఉచితంగానే చేరాలి. ఆ మనిషి ఎవరికి పడతాడో, అందులో ఏం కలుపుతాడో మీకు తెలిసే దారి లేదు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

మీ అత్తగారి దగ్గరికొద్దాం. ఆవిడ మాటలు కటువుగా ఉన్నాయి, అయినా నాకు ఆవిడ మీద కోపం రాలేదు. పెద్దవాడికి పాలు చాలనప్పుడు ఆ ఇంట్లో ఆవిడా ఉంది. మనవడికి డబ్బాపాలు కలిపిన చేతుల్లో ఆవిడ చేతులూ ఉండే ఉంటాయి. ఇప్పుడు మనవరాలికి సమృద్ధిగా ఉంటే అది చెయ్యి జారిపోతుందేమో అన్న దడ ఆవిడది. పైగా ఆవిడకి తెలిసింది మీరు చెప్పడం వల్ల కాదు, దొరికిపోవడం వల్ల. రెండు రోజులు అన్నం మానేసింది సగం ఆ దాపరికానికే అనుకుంటాను. ముందు దానికి ఒక్క మాట అనండి: "అత్తయ్యా, మీకు చెప్పకుండా చెయ్యకూడదు, తప్పే." ఇది పాలిచ్చినందుకు క్షమాపణ కాదు, చెప్పనందుకు.

తరవాత వాదించకండి, అడగండి. మీ పుట్టింట్లోనో, మీ అత్తారింట్లోనో తల్లికి జబ్బు చేస్తే పిన్నో, అత్తో, పక్కింటి బాలింతో పాలు పట్టి నిలబెట్టిన బిడ్డ ఎవరైనా ఉన్నారా అని. మన పాత ఇళ్లల్లో ఆవిడ వయసు ఆడవాళ్లకి అలాంటి కథ ఒకటి తెలిసే ఉంటుంది. ఆ కథ ఆవిడ నోటి నుంచే రానివ్వండి. ఆరుగురు కృత్తికలు పాలిచ్చి పెంచితేనే కుమారస్వామి కార్తికేయుడయ్యాడని ఆవిడకి మీరు చెప్పక్కర్లేదు. దిష్టి భయం ఉంటే తీయించుకోమనండి, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. పాలు ఇగిరిపోతాయన్న మాటకి మాత్రం పాప తూకం కార్డు చూపించండి, నెల నెలా ఆవిడనే అంగన్‌వాడీకి తీసుకెళ్లండి. తూకం ముల్లు ఆవిడ కళ్లతో చూసుకుంటే మీ మాటకంటే బలం. పైవాళ్లు ఒడియావాళ్లు, ఏ ఇంటి వాళ్లో అన్న పట్టింపు కూడా ఆ మాటల్లో ఉందనిపించింది. అది ఒక సాయంత్రంలో పోదు. పోయేదాకా ఆగి ఇస్తారా, ఆవిడకి నచ్చకపోయినా చెప్పి ఇస్తారా అన్నది మీరే తేల్చుకోవాలి. మొదటిదైతే ఈ పాల రోజులు దాటిపోవచ్చు. రెండోదైతే కొన్నాళ్లు ఇంట్లో మాటలు పడాలి, ఒళ్లు బడలిన ఈ రోజుల్లో అది మీకు ఎంత భారమో నేను ఇక్కడి నుంచి తూచలేను. దాచి ఇవ్వడం ఒక్కటే వద్దు.

మీ ఆయన "ఆడవాళ్ల గొడవ" అనడం నాకు నచ్చలేదు. పాప ఆయనది కూడా. పై వాటా అబ్బాయితో ఒక్కసారి మాట్లాడటం, రక్తపరీక్షకి వెళ్తే ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం, వాళ్లమ్మతో "ఇది మేమిద్దరం ఆలోచించుకున్నాం" అని చెప్పడం, ఈ మూడూ ఆయన పనులు. అలా విడమరిచి అడగండి. "నాకు అండగా ఉండు" అంటే మగవాళ్లకి ఏం చెయ్యాలో తోచదు, పని పేరు చెబితే చేస్తారు.

అరలోని సీసాల మీద ఆశ పెట్టుకోకండి. పరీక్షలకి ముందు, ఇంటి ఫ్రిజ్‌లో దాచినవి పాల బ్యాంకు తీసుకోకపోవచ్చు. ఒంటి తలుపు ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా మంచు అరలో చల్లదనం తగ్గుతుంది, అందులో పాలు రెండు వారాలకి మించి నమ్మకూడదు. ఆ లోపు తేదీ ఉన్నవి మీ పాపకే ఉంచండి, మీరు బయటికెళ్లిన పూట పనికొస్తాయి. కరిగించినవి మళ్లీ గడ్డకట్టించకండి. పాతవి, కరెంటు పోయినప్పుడు కరిగాయేమో అని అనుమానమున్నవి తీసెయ్యండి. తొక్కే చోట ఒంపకూడదని మీ అత్తగారంటే, ఆవిడ చూపించిన మొక్క మొదట్లోనే పొయ్యండి.

ఆస్పత్రిలో ఒడియా మాట్లాడటం రాదని జంకుతున్నానన్నారు. పైవాటా అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. ఆమెకి ఒడియా వచ్చు, మీకు పాలివ్వడం తెలుసు. ఎస్‌ఎన్‌సీయూ సిస్టరు దగ్గర మీ తరఫున నేను చెప్పిన ప్రశ్నలు ఆమె అడుగుతుంది. అదే సిస్టరు ఆమె బాబు నోరు పట్టే తీరు చూస్తుంది, తూకం వేస్తుంది. ఇద్దరు పిల్లల్నీ ఎత్తుకోవడానికి మీ అత్తగారు కూడా వస్తానంటే వద్దనకండి. పొద్దున్నే, ఓపీ రద్దీ మొదలవ్వకముందే వెళ్లండి, ఇద్దరి కార్డులూ పట్టుకెళ్లండి.